నొస్తలేదు బిడ్డా!

ఇబ్రహీంపట్నంలో మా మేనత్త ఇంటి పెరట్లో బోరు పక్కన ఒక బండ ఉంది. వానాకాలం వచ్చిందంటే దాని చుట్టూ పాచి పడుతుంది. ఆషాఢం నడిమధ్యలో, బోనాల ఆదివారం తెల్లవారుజామున, బిందె ఎత్తుకుని వస్తూ అత్త ఆ పాచి మీద జారింది. కుడి కాలు మడత పడింది. లేచి చీర దులుపుకుంది, బిందె మళ్లీ నింపుకుంది. ఆ రోజు బోనం వండింది, గుడి దాకా నడిచింది, వచ్చిన చుట్టాలకు నిలబడి వడ్డించింది. మర్నాడూ ఆ మర్నాడూ ఇంటిపని మామూలే. నాలుగో రోజు కోడలు చీర అంచు కింద పాదం చూసి కేక పెట్టింది. పాదం బయటి వైపు ఒరిగిపోయి ఉంది. చీలమండ చుట్టూ నేరేడుపండు రంగు.

నేను వెళ్లేసరికి అత్త మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "నొస్తుందా అత్తా?" అన్నాను. "నొస్తలేదు బిడ్డా, జర వాచింది అంతే. మీరే ఆగమైతున్నరు" అంది.

ఎక్స్‌రే చూస్తే చీలమండకు అటూ ఇటూ రెండు పక్కలా ఎముక విరిగి ఉంది. డాక్టరు ఫిల్ము చూసి, అత్తను చూసి, మొదట అడిగిన ప్రశ్న విరిగిన ఎముక గురించి కాదు. "షుగర్ ఎన్నేళ్ల నుంచి?" అని. పద్నాలుగేళ్ల నుంచి.

ఆ "నొస్తలేదు" అన్న మాట గురించే ఈ వ్యాసం. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి పెద్ద సర్వే 2023లో లెక్క చెప్పింది. సాగర్ రోడ్డు పొడుగునా తుర్కయంజాల్ నుంచి యాచారం దాకా ఏ ఇంటికి వెళ్లినా ఫ్రిజ్ మీద షుగర్ గోలీల డబ్బా కనిపిస్తుంది. ఆ ఇళ్లలో ఎవరికైనా కాలు మడత పడి నొప్పి లేదంటే ఊపిరి పీల్చుకుంటాం. ఊపిరి పీల్చుకోకూడని చోటు అదే.

చీలమండ కట్టడం చూస్తే సంగతి సగం అర్థమవుతుంది. మోకాలి కింద రెండు ఎముకలున్నాయి. లావుది టిబియా, బయటి వైపు సన్నంగా ఉండేది ఫిబులా. ఇవి రెండూ కిందికి వచ్చి దర్వాజ చట్రంలా నిలబడతాయి. ఆ చట్రంలో టాలస్ అనే పాదపు ఎముక తలుపులా ఆడుతుంది. చీలమండకు రెండు వైపులా చేతికి తగిలే గుబ్బలు ఆ చట్రపు నిలువు కమ్మీలే. కమ్మీ ఒరిగితే తలుపు సరిగ్గా పడదు కదా, ఇక్కడా అంతే. టాలస్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే కీలులో ఎముకకూ ఎముకకూ మధ్య ఆనుడు 42 శాతం తగ్గిపోతుందని 1976లో రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. మనిషి బరువంతా మిగిలిన ఆ కాస్త చోటు మీదే పడి కీలు అరిగిపోతుంది. మా అత్త ఒరిగిపోయిన చట్రం మీద మూడు రోజులు బోనాల పండుగ చేసింది.

మామూలు మనిషికి అది సాధ్యం కాదు, నొప్పి నిలబడనివ్వదు. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే సన్నని నరాలు, వాటికి రక్తం అందించే వెంట్రుకల్లాంటి నాళాలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలవి కాబట్టి మొదట అవే పోతాయి. ముందు తిమ్మిర్లు, రాత్రిళ్లు మంటలు. తర్వాత మంటలు తగ్గుతాయి. "మంటలు పోయినయి, మందు పనిచేసింది" అని సంబరపడేవాళ్లను చూశాను. చాలాసార్లు పోయింది మంట కాదు, మంటను మోసుకొచ్చే నరం.

డాక్టరు అత్త అరికాలి మీద చేసిన పరీక్ష నా కళ్ల ముందు ఇంకా ఉంది. చేపల గాలం దారంలాంటి నైలాన్ పోగు. దాన్ని చర్మానికి ఆనించి వంగేదాకా నొక్కితే సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది. "కళ్లు మూసుకోమ్మా, తగిలినప్పుడల్లా చెప్పు" అన్నాడు. బొటనవేలి కింద నొక్కాడు. మడిమ ముందు నొక్కాడు. పోగు వంగుతోంది, అత్త మౌనంగా ఉంది. కాసేపటికి కళ్లు మూసుకునే "ఇంకా మొదలు పెట్టలేదా సారూ?" అని అడిగింది. గదిలో ఎవరమూ మాట్లాడలేదు.

నొప్పి తెలియని పాదం ఏమవుతుందో ప్రపంచానికి నేర్పింది మధుమేహం కాదు, కుష్ఠు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠు ఆస్పత్రి నడిపిన కాలంలో, రోగుల వేళ్లు రోగం వల్లే రాలిపోతాయని అందరూ నమ్మేవారు. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్, వెల్లూరులో సర్జనుగా పనిచేస్తూ, అది కాదని తేల్చాడు. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా, పుండు మీదే నడిచినా తెలియదు. ఆ దెబ్బలే కాలిని తినేస్తున్నాయి. ఆ పుళ్లకు పాదమంతా అంటుకునేలా పిండికట్టు వేసి ఒత్తిడిని పంచే పద్ధతి కుష్ఠు వైద్యంలోనే పెరిగింది. బ్రాండ్ అమెరికా వెళ్లాక దాన్ని మధుమేహ రోగులకూ వాడాడు. ఇవాళ షుగర్ ఉన్నవాళ్లకు డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు, అదే మెత్తని రబ్బరువి, ఆ దక్షిణాది కుష్ఠు ఆస్పత్రుల్లో పుట్టినవే. మెడికల్ షాపులో వేలాడే ఆ చెప్పుల జత వెనక ఇంత కథ ఉంది.

విరిగిన చీలమండ, మొద్దుబారిన పాదం ఒక్క కాలికే వస్తే మరో ప్రమాదం కాచుకుని ఉంటుంది. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లో, సిఫిలిస్ వల్ల నరాలు పోయిన రోగుల్లో కీళ్లు నొప్పి లేకుండానే నుగ్గు కావడం గమనించి రాశాడు. మధుమేహంలోనూ అదే జరుగుతుందని 1936లో విలియం రైలీ జోర్డన్ చెప్పాడు. దాన్నే షార్కో పాదం అంటారు. చిన్న దెబ్బతో మొదలవుతుంది. పాదం ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నొప్పి మాత్రం ఆ వాపుకు తగినంత ఉండదు. లోపల ఎముక మెత్తబడి, నడిచిన కొద్దీ కూలిపోతుంది. చివరికి అరికాలు పడవ అడుగులా కిందికి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మీద పుండు పడుతుంది. కాలు తీసేసే దాకా వెళ్లే దారుల్లో ఇదొకటి. దీన్ని బెణుకనుకునో చీము పట్టిందనుకునో వారాలు పోగొట్టుకోవడం మామూలు.

వారాలు పోగొట్టే దారులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. అత్త కాలు చూసిన పక్కింటావిడ వావిలాకు నీళ్లు కాచి కాపడం పెడదామంది. ఎంత వేడో తెలియని కాలికి కాపడం పెడితే బొబ్బలెక్కి తోలు ఊడుతుంది, రోగికి మాత్రం హాయిగానే ఉంటుంది. ఇంకొకాయన పసరు కట్టు అన్నాడు. ఆ కట్లలో పుత్తూరు కట్టుకు వందేళ్లకు మించిన పేరుంది. పక్కకు జరగకుండా విరిగిన ఎముకలు, ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో, కదలకుండా కట్టి ఉంచితే అతుక్కుంటాయి కూడా. నేను ఆ విద్యను చులకన చేయను. కానీ వెదురు బద్దల కట్టయినా, ఆస్పత్రి పిండికట్టయినా, బిగుతైతే మామూలు మనిషి అర్ధరాత్రి లేచి "విప్పండి" అని అరుస్తాడు. స్పర్శ లేని మనిషి హాయిగా నిద్రపోతాడు. తెల్లారేసరికి కట్టు కింద తోలు నల్లబడి ఉంటుంది. అందుకే షుగర్ కాలికి వేసిన ఏ కట్టునైనా వారం వారం విప్పి చూడాల్సిందే.

ఆస్పత్రిలో మొదటి పని కట్టు కాదు, మెట్టెలు. వాపు పెరిగితే వేలి మీది వెండి చుట్టు ఉరితాడులా బిగుస్తుంది. అత్త మెట్టెలు అప్పటికే కదలడం లేదు. నర్సమ్మ చిన్న కటింగ్ ప్లేయర్ తెచ్చింది. అత్త మామ వైపు చూసింది. మామ తల తిప్పుకుని, "తియ్యనియ్యి, మళ్ల కొనిస్త" అన్నాడు. ముక్కలైన రెండు మెట్టెలను కోడలు కొంగున ముడేసుకుంది. కాలు మడత పడిన రోజే, వాపు రాకముందే సబ్బు రాసి తీసేస్తే ఈ బాధ ఉండేది కాదు. ఎవరికైనా కాలు విరిగిందనిపిస్తే దవాఖానకు బయల్దేరే ముందు చేయాల్సిన పని అది.

ఆపరేషన్ చేయాలా వద్దా? "షుగర్ ఉంది, కోత మానదు, కట్టుతో పోనిద్దాం" అనే మాట ఇంట్లోనే కాదు, ఒకప్పుడు వైద్యుల్లోనూ వినిపించేది. భయంలో నిజం ఉంది. చీలమండ మీద కండ లేదు, ఎముక మీద పలచని తోలు మాత్రమే. అక్కడ కోసిన గాయం మానడానికి మంచి రక్తం కావాలి, అదుపులో ఉన్న చక్కెర కావాలి. కానీ ఎముక పక్కకు జరిగిపోయి, పాదానికి స్పర్శ కూడా లేనప్పుడు ఉత్త కట్టు అంతకంటే క్షేమమేమీ కాదు. లోపల ఎముక మళ్లీ జారుతుంది, జారినట్టు తెలియదు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో డేన్ వుకిచ్ బృందం 2011లో ఒక మంచి తేడా బయటపెట్టింది. షుగర్ ఉన్నవాళ్లందరూ ఒకటి కాదు. నరాలు, రక్తనాళాలు, కిడ్నీలు దెబ్బతిననివాళ్లతో పోలిస్తే, దెబ్బతిన్నవాళ్లకు చీలమండ ఆపరేషన్ తర్వాత చిక్కులు దాదాపు 4 రెట్లు, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం 5 రెట్లు. కాబట్టి డాక్టరు ముందు తేల్చుకోవాల్సింది "షుగర్ ఉందా" అని కాదు, "ఆ షుగర్ కాలిని ఎంతవరకు తినేసింది" అని.

రక్తం సంగతి తేల్చడంలోనూ ఒక మోసం ఉంది. కాలి బీపీని చేతి బీపీతో పోల్చి రక్తప్రసారం అంచనా వేస్తారు. షుగర్ ఉన్నవాళ్లలో కాలి ధమనుల గోడల్లో సున్నం పేరుకుని గట్టి పైపుల్లా మారతాయి, పట్టీ బిగించినా నొక్కుకోవు. అంకె ఘనంగా కనిపిస్తుంది, కాలికి రక్తం అందదు. అందుకే అనుమానం ఉంటే బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలుస్తారు.

అత్తకు వెంటనే కత్తి పెట్టలేదు. వాచి నిగనిగలాడే తోలును కోస్తే కుట్లు నిలవవు. కాలు ఎత్తులో పెట్టి, కదలకుండా కట్టి, తోలు మీద మళ్లీ సన్నని ముడతలు కనిపించేదాకా ఆగారు. ఆ ముడతలే సర్జన్లకు పచ్చజెండా. పది రోజులు పట్టింది. ఆ రోజుల్లో గోలీలు ఆపి ఇన్సులిన్ పెట్టారు. "ఒకసారి సూది మొదలైతే చచ్చేదాకా సూదే" అని అత్త ఏడ్చింది. అది నిజం కాదు. దెబ్బ, ఆపరేషన్ ఒత్తిడి చక్కెరను ఎగదోస్తాయి. దాన్ని 140 నుంచి 180 మధ్య పట్టి ఉంచడానికి ఇన్సులిన్ వంటి సాధనం లేదు. గాయం మానాక ఎంతోమంది మళ్లీ గోలీలకు వస్తారు, అత్తా వచ్చింది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వాటిని ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపకపోతే, చక్కెర అంకె బాగానే ఉన్నా రక్తంలో ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. పయోగ్లిటజోన్ దీర్ఘకాలం వాడే ఆడవాళ్లలో చేతులు, కాళ్ల ఎముకలు ఎక్కువగా విరుగుతాయన్నది కూడా తెలిసిన విషయమే. ఆ గోలీ వాడుతున్నవాళ్లు తమ డాక్టరుతో ఒకసారి మాట్లాడుకోవాలి.

ఎముక ఎందుకు విరుగుతుందన్న దగ్గర ఒక వింత. టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్ల ఎముక సాంద్రత స్కానులో మామూలుగానో ఇంకా ఎక్కువగానో కనిపిస్తుంది, అయినా సులువుగా విరుగుతుంది. చక్కెర వెళ్లి ఎముకలోని కొల్లాజెన్ పోగులకు అంటుకుంటుంది, అవి పెళుసుబారతాయి. సిమెంటు బాగానే ఉంది, లోపలి ఇనుము తుప్పు పట్టింది.

అతుక్కోవడంలోనూ ఆ తేడా ఉంటుంది. ఇబ్రహీంపట్నం వాళ్లకు స్లాబు గురించి వేరే చెప్పక్కర్లేదు, చుట్టూ ఊళ్లన్నీ వెంచర్లే. స్లాబు పోసి, నీళ్లు పెట్టి, గట్టిపడ్డాకే సెంట్రింగ్ కర్రలు ఊడదీస్తారు. ఎముక విరిగిన చోట కూడా మొదట రక్తం గడ్డకట్టి, దాని మీద మెత్తని మృదులాస్థి పేరుకుని, అది నెమ్మదిగా ఎముకగా గట్టిపడుతుంది. మధుమేహంలో ఆ మెత్తని అతుకు గట్టిపడకముందే కరిగిపోతూ ఉంటుంది. పోసిన సిమెంటు ఆలస్యంగా గడ్డకడుతుందన్న మాట. మేస్త్రీ ఏం చేస్తాడు? కర్రలు ఎక్కువ పెడతాడు, ఆలస్యంగా తీస్తాడు. సర్జన్లు చేసేదీ అదే. మామూలు మనిషికి ఒక ప్లేటు, నాలుగైదు స్క్రూలు సరిపోయే చోట, షుగర్ కాలికి పొడవాటి గట్టి ప్లేటు, ఫిబులా నుంచి టిబియాలోకి మూడు నాలుగు అదనపు స్క్రూలు వేస్తారు. ఎముకలు మరీ నుజ్జయితే మడిమ కింది నుంచి పైకి పొడవాటి రాడ్డే దించుతారు. అత్త రెండో ఎక్స్‌రే చూసి మామ, "గిదేంది, గేటు తలుపు లెక్క బోల్టులు కొట్టిన్రు!" అన్నాడు. ఆ బోల్టులు ఎక్కువ కాదు, ఆమెకు సరిగ్గా సరిపోయినవే.

ఇక కర్రలు తీసే కాలం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆరు వారాలకు, ఒక్కోసారి ఇంకా ముందే కాలు మోపుతారు. స్పర్శ పోయిన షుగర్ కాలికి లెక్క రెండింతల దాకా: 8 నుంచి 12 వారాలు నేల తాకకూడదు, ఆ తర్వాతా నెలల తరబడి చీలమండను పట్టి ఉంచే బూటుతోనే నడక. కుట్లు కూడా రెండు వారాలకు కాదు, మూడు నాలుగు వారాలకు తీస్తారు. చికిత్స మొత్తంలో కఠినమైన భాగం ఇదే అని నాకనిపిస్తుంది. నొప్పి ఉన్నవాడిని మంచాన ఉంచడం తేలిక. నొప్పి లేని మనిషికి, పొద్దున్నే వాకిలి ఊడ్చే అలవాటున్న మనిషికి, ఇంట్లో ఎవరూ లేని వేళ స్టవ్ మీద పాలు పొంగుతుంటే కాలు ఎవరు ఆపుతారు? అత్త రెండుసార్లు దొరికిపోయింది. చివరికి కోడలు రాత్రిపూట మంచం పక్కన వాకరును అడ్డంగా పెట్టడం మొదలుపెట్టింది, నిద్రమత్తులో దిగబోతే ముందు అది చేతికి తగలాలని.

ఒంటికాలి మీద వాకరుతో గెంతడం చిన్న పని కాదు. బరువైన ఒళ్లు, నరాలు చచ్చిన రెండో కాలు, తూలే నడక. పైగా బరువంతా మోసే ఆ మంచి కాలికీ పుండు పడవచ్చు, షార్కో రావచ్చు. కాబట్టి ఇంట్లో తిరగడానికి చక్రాల కుర్చీ, మంచం పక్కనే కమోడ్ కుర్చీ సిగ్గుపడాల్సిన వస్తువులు కావు. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో అత్యవసరమైన మందు అదే.

తిండి దగ్గర మన ఇళ్లలో పెద్ద పొరపాటు జరుగుతుంది. కోత పడితే పప్పు పెట్టరు, గుడ్డు పెట్టరు, చీము పడుతుందని. కొత్త తోలూ కొత్త ఎముకా ఆ పప్పూ గుడ్డులోని మాంసకృత్తులతోనే తయారవుతాయి. పథ్యం పేరుతో చారు మెతుకులు పెడితే చక్కెర పెరుగుతుంది, గాయం ఆకలితో ఉంటుంది. కిడ్నీలు బాగుంటే పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు ధైర్యంగా పెట్టాలి. కిడ్నీ ఇబ్బంది ఉంటే ఎంత పెట్టాలో డాక్టరు చెబుతాడు. పాయ షోర్వా రుచి కోసం తాగండి. ఎముకకు కావలసిన సున్నం అందులో అనుకున్నంత ఉండదు. నల్లేరు పచ్చడి తింటే తినండి, అది ప్లేటుకూ స్క్రూకూ బదులు కాదు. బీడీ, జర్దా మాత్రం అతుకును నేరుగా చెడగొడతాయి.

అత్తకు కాలి వేడి చూడటం నేర్పింది మనవరాలు. కరోనా రోజుల్లో కొన్న థర్మామీటరు ఇంట్లో మూల పడి ఉంది. నుదుటికి కాక వస్తువుల వేడి చూపే మోడ్‌లో పెట్టి, రెండు పాదాలనూ ఒకే చోట, రోజూ రాత్రి అన్నాలయ్యాక కొలవాలి. ఆపరేషన్ అయిన కాలు మొదట్లో వెచ్చగానే ఉంటుంది, వారాలు గడిచిన కొద్దీ తేడా తగ్గుతూ రావాలి. తగ్గిన తేడా మళ్లీ పెరిగి 2 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే, నొప్పి లేకపోయినా, వెంటనే కాలు ఎత్తి పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చచ్చిన నరం చెప్పలేని వార్తను ఆ వేడి చెబుతుంది. మనవరాలు క్యాలెండరు మీద, పాలవాడి లెక్కల పక్కనే, రెండు అంకెలు రాస్తూ వచ్చింది. తేడా మొదట మూడున్నర. శ్రావణం చివరికి రెండు. వినాయక చవితి తర్వాత ఒక రోజు మళ్లీ మూడు దాటింది. అత్తను నిలదీస్తే, పూజ రోజు దేవుడి ముందు కాసేపు నిలబడ్డానని ఒప్పుకుంది. డాక్టరు చూసి, ఎక్స్‌రే తీసి, స్క్రూలు కదల్లేదని చెప్పి, గడువు మరో మూడు వారాలు పొడిగించాడు.

దాంతో బతుకమ్మ ఆశ పోయింది. ఊళ్లో ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి పెద్ద చెరువు కట్ట మీదికి సద్దుల రోజు వెళ్లకుండా ఉండటం పెళ్లయ్యాక అత్తకు అదే మొదటిసారట. ఆ సాయంత్రం వాకిట్లో చక్రాల కుర్చీ వేశారు. బూటు తొడిగిన కాలు స్టూలు మీద. ఒళ్లో చాట, చాట నిండా తంగేడు, గునుగు. అత్త పేరుస్తుంటే కోడలు అందిస్తోంది. వాడకట్టు ఆడవాళ్లు కట్టకు పోయే ముందు బతుకమ్మలను మా వాకిట్లోనే దింపి, ఆమె చుట్టూ నాలుగు చుట్లు ఆడి వెళ్లారు.

రాత్రి అందరూ పడుకోబోయే ముందు మనవరాలు థర్మామీటరు తెచ్చింది. ఎడమ 31.4. కుడి 32.1.

"నొస్తుందా నానమ్మా?"

అత్త ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు. వంగి, రెండు అరచేతులతో కుడి పాదాన్ని చుట్టూ తడిమింది, మడిమ కింద వేలు పెట్టి చూసుకుంది. "అది నాకు తెల్వది బిడ్డా," అంది, "నువ్వు రాసిన లెక్క సూపియ్యి."